నాంచారమ్మ ఉడకబెట్టని అద్దకం

ఒకప్పుడు తామరాకు తడిసేది.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఇప్పుడంటే నీళ్ల మధ్య రాణీగారిలా పొడిపొడిగా కూర్చుంటుంది గానీ, ఆ రోజుల్లో దానిది నానిన గుడ్డ బతుకు. చినుకు పడితే చాలు, గటగటా తాగేసేది. తాగి తాగి బరువెక్కి, అంచులు వేలాడేసి, బుడుంగుమని మునిగిపోయేది. వాన వెలిసేసరికి సరస్సు మీద పువ్వులే మిగిలేవి. ఇళ్లు పోయి గుమ్మాలు మిగిలినట్టుండేది ఆ సరస్సు.

ఆ సరస్సు మధ్యలో ఒక లంక ఉండేది. ఆ లంకలో నాంచారమ్మ అనే అద్దకం మనిషి ఉండేది. ఇప్పుడు మనం బాతిక్ అంటామే, ఆ మైనపు అద్దకంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ మాట నేననడం కాదు, ఆమే అనేది.

"నా గుడ్డ లేని ఇల్లు ఈ లంకలో ఒక్కటుంటే చూపించండి!" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగేది.

ఎవరూ చూపించలేకపోయేవారు. గుమ్మానికి కట్టిన తెర ఆమెదే. గోడకు వేలాడే ఏనుగుల గుడ్డ ఆమెదే. మంచం మీద దుప్పటి, పసివాడి ఉయ్యాల మీద కప్పు, అన్నీ ఆమె చేతివే. మట్టి గోడల ఇల్లయినా సరే, నాంచారమ్మ గుడ్డ ఒకటి కడితే పండగ ఇల్లయిపోయేది.

ఆమె పని చూడ్డానికి పిల్లలంతా అరుగెక్కేవారు. ముందు కుంపటి మీద చిన్న ముంత పెట్టి, తేనెపట్టు మైనంలో కాస్త గుగ్గిలం వేసి కరిగించేది. వెదురు పుల్ల చివర గుడ్డపీలిక చుట్టి, ఆ మైనంలో ముంచి, తెల్లటి గుడ్డ మీద చేపలో, హంసలో, తీగలో గీసేది. తర్వాత ఆ గుడ్డని చల్లటి నీలిరంగు బానలో ముంచేది. మైనం ఉన్న చోటికి రంగు వెళ్లలేదు కదా! చుట్టూ నీలంగా, చేపలు తెల్లగా ఉండిపోయేవి. మళ్లీ మైనం, ఈసారి ఎరుపు. చిట్టచివరికి పెద్ద కాగులో మరిగే నీళ్లలో గుడ్డని ఉడకబెట్టేది. మైనమంతా కరిగి పైకి తేలేది. గుడ్డ పసిపిల్ల బుగ్గలా మెత్తబడేది. తేలిన మైనాన్ని తీసి దాచుకుని మళ్లీ వాడుకునేది.

ఈ ఉడకబెట్టడం దగ్గర మాత్రం నాంచారమ్మ దేవుడొచ్చి అడిగినా వినేది కాదు. "మైనం వదలని గుడ్డ నా గడప దాటదు" అనేది. ఒకసారి పెళ్లివారు తొందరపడి, ఉడకబెట్టక ముందే తెర పట్టుకుపోదామని చూస్తే, వాళ్ల చేతుల్లోంచి లాక్కుని తలుపేసుకుంది. ముహూర్తం దాటిపోయినా తలుపు తియ్యలేదు. అంత పట్టుదల మనిషి.

తొలకరి మొదలైన రోజుల్లో, ఒక ఉదయం ఆమె వాకిట్లోకి ఒక నీటికోడి వచ్చింది. పొడుగు కాళ్లు, అంతకంటే పొడుగు వేళ్లు. ఒళ్లంతా బురద.

ఈ నీటికోళ్ల ఇంట్లో ఒక వింత ఉంది. గుడ్లు పెట్టేది తల్లి. పొదిగేది తండ్రి. వచ్చింది ఆ తండ్రే.

"నాంచారమ్మ తల్లీ, నా గుడ్లు మునిగిపోయాయమ్మా" అన్నాడు నీటికోడి.

"అయ్యో, ఎక్కడ పెట్టుకున్నావు నాయనా?"

"తామరాకు మీదే. ఇంకెక్కడ పెడతాం? మాకు చెట్టెక్కడం రాదు, గట్టు మీద నక్కలుంటాయి. ఆకు మీద నాలుగు గడ్డిపోచలేసుకుని పెట్టాం. వానొచ్చింది. ఆకు తాగింది, మునిగింది. పోయినసారీ ఇంతే, అంతకు ముందూ ఇంతే. ఇప్పుడు మా ఆవిడ మళ్లీ నాలుగు గుడ్లు పెట్టింది. ఇవి కూడా పోతే నేను బతకను తల్లీ."

నాంచారమ్మ చేతిలో పుల్ల పక్కన పెట్టింది. "నేనేం చెయ్యను చెప్పు?" అంది.

"అందరి ఇళ్లకీ గుడ్డలిస్తావు. మా ఇంటికీ ఒకటి ఇవ్వు. గూడు కింద పరుచుకుంటాం. నీ చేతి గుడ్డ గట్టిదంటారుగా, అది మా గుడ్లని పట్టుకుంటుంది."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాడు కనక నాంచారమ్మ పెట్టింది. పైగా ఆమె మనసులో చిన్న గొప్ప కూడా లేచింది. లంకలో అన్ని ఇళ్లకీ తన గుడ్డే ఉంది, సరస్సులో ఇల్లు మాత్రం ఎందుకు వెలితిగా ఉండాలి?

"నీ గూటికి వేసే గుడ్డ చూసి కొంగలు కుళ్లుకోవాలి. పో, నిశ్చింతగా పొదుగు" అంది.

అన్నంత పనీ చేసింది. ముదురు నీలం మీద తెల్లచేపలు బారులు తీరేలా ఒక చిన్న గుడ్డ అద్దింది. అద్ది, అలవాటు ప్రకారం కాగులో వేసి బాగా ఉడకబెట్టింది. మైనం చుక్క కూడా మిగలకుండా ఉతికి, ఆరవేసి, తాటిదోనెలో స్వయంగా వెళ్లి ఆకు మీద పరిచింది.

సరస్సంతా చూడ్డానికొచ్చింది. కప్పలు బెకబెకమన్నాయి. కొంగ ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు చూసి, "మా ఇంట్లోనూ ఒకటి ఉంటే బాగుండు" అంది. నీటికోడి గర్వంగా గుడ్ల మీద కూర్చున్నాడు. నాంచారమ్మకి మీసం లేదు గానీ, ఉంటే తిప్పేదే.

మర్నాడు వానొచ్చింది.

ఆకు తాగింది. ఆకుతో పాటు గుడ్డా తాగింది. మెత్తటి గుడ్డ కదా, ఇంకా ఎక్కువ తాగింది. ఎప్పటికంటే తొందరగా ఇల్లు కిందికి దిగిపోయింది. నీటికోడి గగ్గోలు పెడుతూ, గుడ్లను రెక్కల కిందికి లాక్కుని, గెడ్డం కింద నొక్కి పెట్టుకుని, పక్కనున్న తుంగదుబ్బు మీదికి చేర్చాడు. మూడు గుడ్లు చేరాయి. ఒకటి జారి, నీళ్లలోకి వెళ్లిపోయింది.

వాన తెరిపిచ్చాక నాంచారమ్మ వాకిట్లోకి మళ్లీ వచ్చాడు. ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. తిట్టనూ లేదు. గుడ్లను గెడ్డం కింద పెట్టుకుని దాటిస్తుంటే ఒకటి నీళ్లపాలైందని మాత్రం చెప్పాడు.

"నీ గుడ్డ చాలా అందంగా ఉంది తల్లీ. అందంగానే మునిగింది" అన్నాడు.

ఆ మాట నాంచారమ్మకు చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్లలో ఆమె గుడ్డని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆమెకి మాట పడినందుకు కాదు బాధ. ఆ గుడ్డ పరిచింది తానే. పోయిన గుడ్డు తన గుడ్డ మీదినుంచే జారింది.

"మిగతా మూడూ ఎక్కడున్నాయి?" అని అడిగింది.

"తుంగదుబ్బు మీద. అక్కడ పాములు తిరుగుతాయి. నీళ్లు పెరిగితే దుబ్బూ మునుగుతుంది. అదిగో చూడు" అని పడమటి వైపు ముక్కు చాపాడు. అక్కడ నల్లటి మబ్బు గేదెలమందలా లేచి వస్తోంది.

"నువ్వెళ్లి గుడ్ల దగ్గర కూర్చో. నేను వస్తాను" అంది నాంచారమ్మ.

"ఏం తెస్తావు?"

"ఏం తెస్తానో నాకే తెలీదు. వస్తానన్నాను, వస్తాను."

నీటికోడి వెళ్లిపోయాడు. నాంచారమ్మ వాకిట్లో ఇటూ అటూ తిరిగింది. ఇంతలో సన్నగా నాలుగు చినుకులు పడ్డాయి. దండెం మీద పక్కింటి వరహాలమ్మ కోసం అద్దుతున్న తెర ఆరుతోంది. ఎప్పటిలా, "అయ్యో, తెర తడుస్తుంది" అని పరిగెత్తింది.

తీరా చూస్తే తెర తడవడం లేదు.

అది ఇంకా ఉడకబెట్టని తెర. నీలం అయింది గానీ ఎరుపు ఎక్కాల్సి ఉంది, మైనం దట్టంగా ఉంది. చినుకు దాని మీద పడుతోంది, గుండ్రంగా నిలబడుతోంది, జర్రున జారిపోతోంది. తెర మీద గీసిన హంస వీపు మీద పడిన చినుకు తోక దాకా దొర్లి కింద రాలుతోంది.

నాంచారమ్మ ఇది పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా, "ఇంకా మైనం పోలేదు, పని మిగిలే ఉంది" అనుకునేది. చినుకు జారిందంటే ఆమె లెక్కలో అది లోపం. ఇవాళ ఆ లోపాన్నే కళ్లు విప్పార్చుకుని చూసింది.

"ఓసి నా పిచ్చిదానా! కావలసిందాన్ని కాగులో పారబోసి, అక్కర్లేనిదాన్ని పట్టుకెళ్లి పరిచావా!" అని తన నెత్తి మీద తనే ఒక్కటిచ్చుకుంది.

ఇక గుడ్డతో పని లేదు. ఆకుకే మైనం పుయ్యాలి. కానీ మైనమేది? డబ్బా తీసి చూస్తే అడుగంటింది. తేనెటీగల దగ్గరికి పరిగెత్తితే అవి, "వానల్లో మాకే లేదు, పో పో" అని ఝుమ్మన్నాయి. ఉన్న మైనమంతా దండెం మీది తెరకే అంటుకుని ఉంది.

ఆ తెరను ఇప్పుడు ఉడకబెడితే మైనం వస్తుంది. కానీ ఎరుపు ఎక్కించడానికి మళ్లీ మైనం ఉండదు. తెర ఉత్త నీలంగానే మిగిలిపోతుంది.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మ వచ్చింది. పాలు పొంగించుకునే కొత్త ఇంటికి ఆ తెర. రోజూ వచ్చి చూసుకుని మురిసిపోతోంది.

"ఏం ఒదినా, నా హంసలకి ముక్కులు ఎర్రబడ్డాయా?" అంది వస్తూనే.

"లేదు ఒదినా. ఎర్రబడవు కూడా. నీ తెర ఇప్పుడే ఉడకబెట్టేస్తాను, నాకు మైనం కావాలి."

"అదేంటి! ఎర్రముక్కులుంటాయని ఊరంతా చెప్పుకున్నాను! ముక్కులేని హంసల్ని గుమ్మానికి కట్టుకోమంటావా? నేను ఒప్పుకోను."

నాంచారమ్మ జరిగిందంతా చెప్పింది. ఆకు మునగడం, గుడ్డు పోవడం, మూడు గుడ్లు తుంగదుబ్బు మీద ఉండడం, అన్నీ చెప్పింది.

పోయినేడు వరదకి వరహాలమ్మ పాత ఇల్లు కొట్టుకుపోయింది. గోడ కూలే ముందు చంటిదాన్ని చంకనేసుకుని మెడలోతు నీళ్లలో నడిచింది. అందుకే ఈ కొత్త ఇల్లు, అందుకే ఈ తెర.

"ఆడు గుడ్లని గెడ్డం కింద పెట్టుకుని దాటించాడా?" అని అడిగింది.

"అవును."

వరహాలమ్మ దండెం మీంచి తెరను తనే లాగి, నాంచారమ్మ చేతిలో పెట్టింది. "ఉడకబెట్టెయ్ ఒదినా. ఇల్లు మునిగే వాడి ముందు ముక్కులేంటి, ఎరుపేంటి. ఆగు, పొయ్యి నేను ఊదుతాను."

ఇద్దరూ కలిసి కాగు పెట్టారు. మైనం తేలింది. తేలిన మైనాన్ని ముంతలోకి ఎత్తి, కుంపటితో సహా తాటిదోనెలో పెట్టుకుని, నాంచారమ్మ సరస్సులోకి తోసుకెళ్లింది. మబ్బు నెత్తి మీదికొచ్చేసింది.

తుంగదుబ్బు పక్కనే ఒక కొత్త తామరాకు అప్పుడే చుట్ట విప్పుకుంటోంది. ఇంకా పాలిపోయినట్టుగా లేతగా ఉంది, పచ్చదనం సరిగా ఎక్కలేదు. ముంతలోంచి లేచే పొగ చూసి బెదిరిపోయింది.

"అది వేడిది! నన్ను మాడ్చేస్తావా?" అంది ఆకు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు గానీ, నేను ఆకు కోసం ముందే చెయ్యి కాల్చుకుంటాను, చూడు" అని నాంచారమ్మ మైనం చుక్కని తన ముంజేతి మీద వేసుకుంది. చురుక్కుమంది. కుంపటి పక్కకి జరిపి, కాస్త ఆగి మళ్లీ వేసుకుంది. ఈసారి గోరువెచ్చగా ఉంది. "ఊ, ఇప్పుడు సరే."

"అయితే ఒక్క మాట. నా అడుగున పుయ్యకు. అటునుంచి నేను సరస్సుతో మాట్లాడుకుంటాను" అంది ఆకు.

"నీ అడుగు నాకెందుకమ్మా, పైనే పూస్తాను" అంది నాంచారమ్మ.

పుల్ల ముంచి, ఆకు నడిమధ్య మొదటి చుక్క పెట్టింది. దోనె ఊగడంతో అది కొంచెం పెద్దదే పడింది. అక్కడినుంచి అంచుల దాకా గీతలు లాగింది, గొడుగు ఊచల్లాగ. గీతల మధ్యంతా పలచగా పూసుకుంటూ వచ్చింది.

మబ్బు సందులోంచి సూర్యుడు తొంగిచూశాడు. "మైనమా? మైనం కనబడితే కరిగించడం నా పని" అన్నాడు.

"కరిగించు నాయనా, పుణ్యముంటుంది" అంది నాంచారమ్మ తలెత్తకుండానే. "నా చెయ్యి చేరని సందుల్లోకి పరుచుకుంటుంది. కింద చల్లటి నీళ్లున్నాయి, జారిపోదులే."

సూర్యుడికి ఇలాంటి జవాబు ఎవరూ చెప్పలేదు. కాస్సేపు ఎండ కాసి, మైనాన్ని ఆకంతా సన్నగా పరిచి, నవ్వుకుంటూ మబ్బు చాటుకి పోయాడు.

పని అయిపోయింది. అయిపోయిందనుకుంటుంటే నాంచారమ్మకి చేతుల్లో జిల పుట్టింది. అద్దకం చేసి ఉడకబెట్టకుండా వదిలెయ్యడమా? రేపు పొద్దున లంకలో ఏమంటారు? నాంచారమ్మ పని సగంలో వదిలేసిందని చెప్పుకోరూ? మైనం ఆకు మీద మసకగా, బూడిద పూసినట్టు కనిపిస్తోంది. తన పేరు మీద ఇంత మసక గుడ్డ ఎన్నడూ బయటికి రాలేదు.

తుంగదుబ్బు మీదినుంచి నీటికోడి ఆమెనే చూస్తున్నాడు.

"రా నాయనా, ఇల్లు సిద్ధంగా ఉంది" అంది నాంచారమ్మ.

నీటికోడి గుడ్లని ఒక్కొక్కటే రెక్క కింద పెట్టుకుని తెచ్చాడు. పక్షి కాలు మోపబోతుంటే ఆమె, "మెల్లగా నడువు! మైనం పగులుతుంది. వేళ్లు వెడల్పుగా పరిచి, బరువు పడకుండా అడుగెయ్యాలి" అని హెచ్చరించింది. అతను అలాగే అడుగేశాడు.

అప్పుడు వాన దిగింది. అలాంటిలాంటి వాన కాదు.

"ఎవరది, నన్ను ఆపడానికి మైనం పూసింది?" అని గర్జించింది.

"నిన్ను ఆపడం ఎవరి తరం తల్లీ? కురువు, నీ ఇష్టం. ఆకు మీద ఉండిపోకు, అంతే చాలు" అంది నాంచారమ్మ, ముసుగు కూడా వేసుకోకుండా దోనెలో నిలబడి.

వాన తన పెద్ద పెద్ద చినుకులన్నీ ఏరి మరీ ఆకు మీద విసిరింది. పడిన చినుకు పడినట్టే గుండ్రమైపోయింది. ఇటు దొర్లింది, అటు దొర్లింది. నాలుగు చినుకులు కలిసి ఒక్కటయ్యాయి. ఆకు కొంచెం పక్కకి వంగి, పళ్లెంలోంచి ఒలకబోసినట్టు, ఆ నీటిని సరస్సులోకి జార్చేసింది. మళ్లీ పొడిగా నిలబడింది. మళ్లీ పడ్డాయి, మళ్లీ జారాయి.

వానకి ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆటగా అనిపించింది. "భలే, ఇలా దొర్లడం బాగుందే!" అని పొద్దుగుంకే దాకా ఆ ఆకు మీద ఆడుకుని వెళ్లిపోయింది.

ఆకు మునగలేదు. గుడ్ల కింద గడ్డిపోచ కూడా నానలేదు. నాంచారమ్మ ఒళ్లంతా తడిసిపోయి, చలికి పళ్లు టకటకలాడుతుంటే, దోనెలో కూర్చుని హాయిగా ఏడ్చేసింది.

ఇదంతా బురద అడుగున ఉన్న తామరదుంపకి తెలిసింది. "ఒక్క ఆకుకి పూశావు, చాలు. ఆ పని ఎలాగో నాకు తెలిసిపోయింది. ఇక పుట్టే ఆకులన్నిటికీ నేనే పూసి పంపుతాను" అంది.

గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. ముగ్గురికీ నీటికోడి మొట్టమొదట నేర్పింది నడక. "వేళ్లు పరచండి, బరువెయ్యకండి. ఇది నాంచారమ్మ అద్దకం" అని చెప్పేవాడు.

వరహాలమ్మ కొత్త ఇంటి గుమ్మానికి ముక్కులెర్రబడని నీలం తెర కట్టింది. ఎవరైనా ఆశ్చర్యంగా చూస్తే చాలు, పీట వేసి కూర్చోబెట్టి కథంతా చెప్పేది. విన్నవాళ్లు మళ్లీ ఆ ముక్కుల మాటెత్తేవాళ్లు కాదు.

ఇక నాంచారమ్మ తన పద్ధతి మార్చుకుందా అంటే, అదేం లేదు. ఆ తర్వాత కూడా ప్రతి గుడ్డనీ మైనం చుక్క మిగలకుండా ఉడకబెట్టేది, తొందరపడేవాళ్ల మొహాన తలుపేసేది. "ఒక పని మాత్రం ఉడకబెట్టకుండా వదిలేశావంట కదా" అని ఎవరైనా ఎత్తిపొడిస్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇలా అనేది: "అవును, వదిలేశాను. నా పనులన్నిట్లోకీ బాగా కుదిరింది అదే. సరస్సులో ఉంది, వెళ్లి చూసుకో."

అప్పటినుంచే తామరాకు నీళ్లలోనే పుట్టి, నీళ్లలోనే ఉండి, తడవకుండా ఉంటోంది. అప్పటినుంచే దాని మీద పడిన వానచినుకు నిలవకుండా దొర్లి ఆడుకుంటోంది. ఆ పక్షి పిల్లల పిల్లలు ఇప్పటికీ వేళ్లు వెడల్పుగా పరిచి మెల్లగా అడుగులేస్తాయి. ఈసారి తామరాకు దొరికితే పట్టుకుని చూడండి. నడిమధ్య పాలిపోయిన చిన్న మచ్చ ఒకటి కనిపిస్తుంది. దోనె ఊగి నాంచారమ్మ పుల్ల నుంచి పెద్దగా పడిన మొదటి మైనపు చుక్క అది. ఆకు పైన మెల్లగా వేలితో రాస్తే, ఆమె ఉడకబెట్టని మైనం మీ వేలికి తగులుతుంది.